మార్పంటే టెన్షన్ పోవాలంటే: అజైల్ వెనకున్న సిద్ధాంతం, చిన్న టీములు పట్టాల్సిన వరస

గుంటూరు బ్రాడీపేటలో మాది ఆరుగురు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మిర్చి యార్డులో కమీషన్ కొట్లకీ, విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపులకీ బిల్లింగ్, ఖాతాల సాఫ్ట్‌వేర్ రాసిస్తాం. పొద్దున్నే నిలబడి పావుగంట మాట్లాడుకోవడం, గోడకి పసుపు చీటీలు, రెండు వారాల స్ప్రింట్లు (అంటే గడువు పెట్టుకుని చేసే పని విడతలు), ఇలా అజైల్ పద్ధతులన్నీ, అంటే పనిని చిన్న ముక్కలుగా చేసి చూపిస్తూ, సర్దుకుంటూ పోయే పద్ధతులన్నీ, మొదటి ఏడాదే పెట్టుకున్నాం. అయినా కస్టమర్ ఫోన్ చేసి "ఒక చిన్న మార్పు ఉంది బాబూ" అనగానే ఆఫీసంతా టెన్షన్. పద్ధతులు తెచ్చుకున్నాం గానీ అవి ఎందుకు పుట్టాయో తెలుసుకోలేదు, లోటంతా అక్కడే ఉంది. తర్వాత పాత పేపర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ, చదివినదాన్ని మా పని మీద వేసి చూసుకుంటూ వచ్చాక ఒక్క సంగతి గట్టిగా అర్థమైంది. అజైల్‌లో పనికొచ్చే ప్రతి పద్ధతీ ఒకే లెక్క చుట్టూ తిరుగుతుంది: నిన్న తీసుకున్న నిర్ణయం ఇవాళ మార్చుకోవాలంటే ఎంత ఖర్చవుతుంది? ఆ ఖర్చు తగ్గించే పద్ధతిని ఉంచుకోండి, తగ్గించని దాన్ని మొహమాటం లేకుండా తీసేయండి.

కింద రాసినవి ఇదే వరసలో చేయమని నా సలహా. మొదటి రెండూ వదిలేసి మూడోదానికి దూకితే మళ్లీ పసుపు చీటీల దగ్గరే ఆగిపోతారు.

1. ముందు మీ పని ఏ రకమో తేల్చుకోండి

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డుకి వెళ్లండి. ఛాసిస్ రాగానే ఎన్ని అడుగులు, ఏ మందం రేకు, ఎంతమంది, ఎన్ని రోజులు అన్నది మేస్త్రీ నిలబడి చెప్పేస్తాడు, అలాంటివి ఎన్నో కట్టి ఉన్నాడు కాబట్టి. ముందే దశలు రాసుకుని, ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోతే సరిపోయే పని అది. అక్కడి నుంచి కొద్ది దూరంలో ప్రకాశం బ్యారేజీ ఉంది, దానికి 70 గేట్లు. ఆగస్టు 20న ఎన్ని గేట్లు ఎన్ని అడుగులు ఎత్తాలో జనవరిలో రాసిపెట్టుకునే ఇంజనీరు ఎవరూ ఉండరు. పులిచింతల నుంచి ఎంత నీరు వదిలారు, మధ్యలో వాగులు ఎంత తెస్తున్నాయి, మట్టం ఎంత ఉంది అని గంట గంటకీ చూసి గేట్లు సర్దుతారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు అయితే ఇంక చెప్పక్కర్లేదు, కొలవడం, సర్దడం, మళ్లీ కొలవడం తప్ప దారి లేదు.

అజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌కి పునాది ఈ రెండో రకం ఆలోచనే. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో స్క్రమ్‌ని ఒక సదస్సులో లోకానికి చూపించారు. ఆ పేరు అంతకుముందు 1986లో హిరోటాకా టకెయుచి, ఇకుజిరో నొనాకా రాసిన వ్యాసంలో, రగ్బీ ఆటతో పోలిక నుంచి వచ్చింది. దాని మూడు కాళ్లు ఇవి: పని ఎంతవరకు వచ్చిందో అందరికీ కనపడాలి, తరచుగా పరీక్షించుకోవాలి, చూసినదాన్ని బట్టి సర్దుకోవాలి. స్ప్రింటు నెల దాటకూడదు, రోజువారీ సమావేశం పదిహేను నిమిషాలు దాటకూడదు, టీము పదిమందికి మించకూడదు అన్నవన్నీ ఆ మూడింటి కోసం పెట్టుకున్న హద్దులు.

ఇక్కడ ఒక అపోహ తీసేసుకోవాలి. అవసరాలు, డిజైను, కోడింగు, టెస్టింగు అని మెట్లు మెట్లుగా దిగే వాటర్‌ఫాల్ పద్ధతిని విన్‌స్టన్ రాయిస్ 1970లో ప్రతిపాదించాడని చాలా కాలేజీల్లో ఇప్పటికీ చెబుతున్నారు. ఆయన పేపరులో ఆ మాటే లేదు. మెట్ల బొమ్మ గీసిన మాట నిజమే, కానీ ఆ వెంటనే, ఇలా తిన్నగా అమలు చేస్తే ప్రమాదం, ఫెయిలవడాన్ని పిలిచి తెచ్చుకున్నట్టే అని రాశాడు. టెస్టింగు చివర్లో పెడితే అక్కడ బయటపడిన లోపం డిజైను దాకా వెనక్కి లాగుతుందని ఆయన బాధ. లోకం బొమ్మ ఒక్కటే పట్టుకెళ్లింది.

చేయాల్సింది: ఒక కాగితం మీద మీ ప్రాజెక్టులో పనులన్నీ రాసి, ప్రతిదాని పక్కనా "తెలుసు" లేదా "చేసి చూస్తే గానీ తెలియదు" అని రాయండి. పన్ను రిటర్ను ఫైలు ఏ రూపంలో ఉండాలో ప్రభుత్వమే చెబుతుంది, అది తెలుసు. కొట్లో గుమాస్తా బరువులు ఎలా ఎక్కిస్తాడో చేసి చూస్తే గానీ తెలియదు. తెలిసిన వాటికి మామూలు ప్లాను చాలు, వాటి మీద స్ప్రింటు తంతు రుద్దకండి. కింద చెప్పేదంతా రెండో రకం వాటి కోసం.

2. మార్పు ఖర్చు లెక్క కట్టండి

బారీ బోమ్ 1981లో వేసిన గ్రాఫు ఈ రంగంలో చాలా పేరున్నది. అవసరాల దశలో పట్టుకున్న తప్పుకి ఒక రూపాయి ఖర్చయితే, అదే తప్పు కస్టమర్ చేతికి వెళ్లాక పెద్ద ప్రాజెక్టుల్లో వంద రూపాయల దాకా పోవచ్చు. చిన్న ప్రాజెక్టుల్లో ఆ తేడా ఐదు రెట్ల దగ్గరే ఉంటుందని కూడా ఆయన తర్వాత చెప్పాడు, ఆ రెండో సగం ఎవరూ తలుచుకోరు. ఈ గ్రాఫు చూసి, అయితే ముందే అంతా ఆలోచించేసి తాళం వేసేద్దాం అనుకున్నవాళ్లు కొందరు. కెంట్ బెక్ ఇంకోలా అడిగాడు: ఆ గీత అంత నిట్టనిలువుగా లేవకుండా మనం చేయలేమా? 1990ల చివర్లో ఆయన నడిపించిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ మొత్తం, అంటే ముందుగా టెస్టులు రాయడం, ఇద్దరు కూర్చుని ఒకే కోడ్ రాయడం, రోజూ కలిపి చూసుకోవడం, ఆ గీతని కిందికి వంచే ప్రయత్నమే.

మా దెబ్బ చెబుతాను. మొదటి ప్రాజెక్టు ఒక కమీషన్ కొట్టుకి. ఐదు నెలలు మా ఆఫీసులో కూర్చుని రాసి, పూర్తయ్యాకే తీసుకెళ్లాం. ఆ కొట్టు గుమాస్తా ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్న మనిషి. కాటా దగ్గర చీటీ మీద టిక్కీల (మిర్చి బస్తాల) బరువులు వరసగా రాసుకొచ్చారు, నలభై పైన టిక్కీలు, 43.5, 44, 42.8 అలా. ఎడమచేతి బొటనవేలు చీటీ మీద, కుడిచేతి వేళ్లు నంబర్ ప్యాడ్ మీద. మా స్క్రీనులో ఒక్కో బరువు కొట్టాక మౌస్‌తో బటన్ నొక్కాలి. మౌస్ కోసం చెయ్యి తీసిన ప్రతిసారీ కళ్లు చీటీ మీద నుంచి లేస్తున్నాయి, మళ్లీ వరస వెతుక్కుంటున్నారు. పన్నెండో బరువు రెండుసార్లు పడింది. అది ఒక్క పూటలో సరిచేశాం. ఆ తర్వాత ఆయన అడిగింది మమ్మల్ని కూల్చేసింది: "మరి తాలు కాయలకి రేటు ఎక్కడ వేయాలి బాబూ? అదే రైతు, అదే పట్టీ, కానీ తాలు రేటు వేరు కదా." తాలు అంటే రంగు పోయిన నాసి కాయ, పట్టీ అంటే రైతుకి ఇచ్చే లెక్క కాగితం. మేం ఒక లాటుకి ఒకే రేటు అని అనుకుని పట్టీ, ఖాతా, రిపోర్టులు అన్నీ దాని మీదే కట్టేశాం. విప్పి మళ్లీ కట్టడానికి ఏడు వారాలు పట్టింది. ఐదు నెలల ముందు ఒక పూట యార్డులో నిలబడి ఉంటే కాగితం మీద ఒక గీతతో అయిపోయేది.

చేయాల్సింది: మీకు ఈమధ్య వచ్చిన పది మార్పులు తీసుకోండి. ప్రతిదానికీ మూడు సంగతులు రాయండి: ఎప్పుడు తెలిసింది, ఎన్ని రోజులు పట్టింది, ఆ రోజులు ఎక్కడ పోయాయి. ఎక్కువ రోజులు ఆలస్యంగా తెలియడం వల్ల పోయి ఉంటే మీ రోగానికి మందు కింద మూడు, నాలుగు అడుగుల్లో ఉంది. పని వరసలో నిలబడి ఎదురుచూడటం వల్ల పోతే ఐదులో. కోడ్ విప్పడం వల్ల పోతే ఆరులో. చేశాక వాడేవాళ్లు ముట్టుకోకపోతే ఎనిమిదిలో. ఈ కాగితం లేకుండా ముందుకెళ్లొద్దు, నిజంగా చెబుతున్నాను, దీనికి పట్టేది ఒక మధ్యాహ్నం.

3. పనిని నిలువుగా కోయండి

అందరూ అడ్డంగా కోస్తారు: ముందు డేటాబేస్ మొత్తం, తర్వాత స్క్రీన్లు మొత్తం, తర్వాత ప్రింటింగు. అలా కోస్తే చివరి ముక్క పడేదాకా కస్టమర్‌కి చూపించడానికి ఏమీ ఉండదు. నిలువుగా కోయడం అంటే పైనుంచి కింది దాకా సన్నగా ఒక ముక్క పూర్తి చేయడం.

రెండో కొట్టుకి మేం చేసిన మొదటి ముక్క ఇది: ఒక రైతు, ఒక లాటు, ఒక పట్టీ. లాగిన్ లేదు, రిపోర్టులు లేవు, రైతు పేరు వెతికే సౌకర్యం కూడా లేదు. బరువులు ఎక్కించాలి, రేటు వేయాలి, హమాలీ, పాత అడ్వాన్సు లాంటి మినహాయింపులు పోవాలి, పట్టీ కాగితం మీద ప్రింటై రైతు చేతికి వెళ్లాలి. పదో రోజుకి అది పనిచేసింది. చూడటానికి ఏమంత గొప్పగా లేదు గానీ ఐదు నెలల తర్వాత బయటపడాల్సిన ప్రశ్నలన్నీ ఆ ఒక్క పట్టీ పట్టుకుని బయటికొచ్చేశాయి.

ముక్క సరిగ్గా తెగిందో లేదో చూసుకోవడానికి ఒకటే పరీక్ష: ఇది ఇక్కడితో ఆగిపోయినా ఎవరికైనా ఏదో ఒక పని జరుగుతుందా? జరగదంటే అడ్డంగా కోశారు.

4. వాడే మనిషి బల్ల దగ్గరే చూపించండి

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది కలిసి అజైల్ మేనిఫెస్టో రాశారు. నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలు. పద్ధతులు, పనిముట్ల కంటే మనుషులు, వాళ్ల మధ్య మాటలు. కట్టలకొద్దీ పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్. కాంట్రాక్టు బేరాల కంటే కస్టమర్‌తో కలిసి పనిచేయడం. ప్లాను పట్టుకు వేలాడటం కంటే మార్పుకి తగ్గట్టు కదలడం. రెండు వైపులకీ విలువ ఉంది, మేం ఒకవైపుని ఎక్కువగా చూస్తాం అన్నారే గానీ పత్రాలు వద్దని, ప్లాను వద్దని వాళ్లు ఎక్కడా అనలేదు. "మేం అజైల్ అండీ, డాక్యుమెంట్లు రాయం" అనేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పట్టీలో మినహాయింపులు ఏ వరసలో పోవాలో రాసిన రెండు పేజీలే, మా ఆఫీసులో మనిషి మారినప్పుడు మమ్మల్ని నిలబెట్టాయి.

చూపించేటప్పుడు మీటింగు హాల్లో ప్రొజెక్టర్ పెట్టి మీరు నడిపి చూపిస్తే అందరూ బాగుందనే అంటారు. ఆ బాగుందికి విలువ లేదు. వాడే మనిషి కుర్చీలోనే, ఆ రోజు నిజంగా వచ్చిన చీటీతోనే, కీబోర్డు వాళ్ల చేతిలోనే ఉండాలి. మీరు వెనక నిలబడి నోరు మూసుకోవాలి. వాళ్లు ఆగిన ప్రతిచోటా, వెనక్కి వెళ్లిన ప్రతిచోటా, పక్కవాళ్లని అడిగిన ప్రతిచోటా మీ నోట్‌బుక్‌లో ఒక గీత. ఆ గీతలే వచ్చే స్ప్రింటు.

5. ఒకేసారి మొదలుపెట్టిన పనులు తగ్గించండి

జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం చాలా చిన్నది: వరసలో ఉన్న పనుల సంఖ్యని, వారానికి పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే, సగటున ఒక పనికి పట్టే వారాలు వస్తాయి. మీ టీము వారానికి మూడు పూర్తి చేస్తూ పన్నెండు తెరిచి పెట్టుకుంటే, కొత్తగా వచ్చిన పని సగటున నాలుగు వారాలకి బయటికొస్తుంది. అదే వేగంతో, తెరిచినవి ఆరుకి తగ్గిస్తే రెండు వారాలు. ఎవరూ ఎక్కువ కష్టపడక్కర్లేదు. సీజన్లో యార్డు గేటు దగ్గర చూసేవాళ్లకి ఇది కొత్త కాదు, లోపల కాటాలు అన్నే ఉన్నప్పుడు ఇంకో వంద బండ్లు లోపలికి వదిలితే దారి మూసుకుపోతుంది తప్ప కాయ త్వరగా అమ్ముడవ్వదు. టయోటాలో తైచీ ఓనో పెట్టిన కాన్‌బాన్ చీటీల ఉద్దేశం కూడా ఇదే, ముందు వాళ్లు లాగితేనే వెనకవాళ్లు పంపాలి.

మరి మనుషుల్ని పెంచితే? ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు. ఆరుగురు ఉంటే మాట్లాడుకోవాల్సిన జతలు పదిహేను, పదిమంది అయితే నలభై ఐదు.

చేయాల్సింది: గోడ మీద "జరుగుతున్నవి" అన్న గడికి ఒక అంకె రాయండి. మాకు ఆరుగురికి నాలుగు. అది నిండితే కొత్తది మొదలుపెట్టకూడదు, వెళ్లి పక్కవాళ్లది పూర్తి చేయించాలి. మొదటి రెండు వారాలు ఖాళీగా కూర్చున్నట్టు అనిపించి చెయ్యి పీకుతుంది, ఓర్చుకోండి.

6. కోడ్‌లో మారేదాన్ని మారనిదాని నుంచి వేరు చేయండి

చాలా టీములు ఇక్కడే పోతాయి. స్ప్రింట్లన్నీ బ్రహ్మాండంగా నడుస్తాయి, కోడ్ మాత్రం రాయిలా గట్టిపడిపోతుంది. మెయిర్ లీమన్ 1974 నుంచి సాఫ్ట్‌వేర్ ఎలా పెరుగుతుందో గమనిస్తూ కొన్ని సూత్రాలు చెప్పాడు. వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్ నిరంతరం మారుతూనే ఉండాలి, లేకపోతే రోజురోజుకీ పనికిరాకుండా పోతుంది. మారేకొద్దీ దాని చిక్కుముళ్లు పెరుగుతాయి, కావాలని విప్పితే తప్ప. వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లో దీన్ని అప్పుతో పోల్చాడు. తొందరలో రాసిన కోడ్ అప్పు తెచ్చుకున్నట్టు, తీర్చనన్నాళ్లూ ప్రతి మార్పు మీదా వడ్డీ కడతాం. వ్యవసాయానికి పెట్టుబడి అప్పుగా తెచ్చుకునే మన జిల్లాలో ఈ పోలిక ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.

విరుగుడు 1972 నాటి డేవిడ్ పార్నస్ పేపర్లో ఉంది. ప్రోగ్రాముని ముక్కలు చేసేటప్పుడు పని జరిగే వరసని బట్టి చేయకండి, ముందుముందు మారేలా కనిపించే నిర్ణయాలు ఏవో ఒక జాబితా రాసి, ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్ (ప్రోగ్రాములో గదిలాంటి విడి భాగం) లోపల దాచండి అన్నాడు. బయటివాళ్లకి లోపల ఏముందో తెలియకూడదు. మారినప్పుడు ఆ ఒక్క గది తలుపు తీస్తే చాలు.

ఇది మాకు ఎలా పనికొచ్చిందో చెబుతాను. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు మా పాత బిల్లింగ్ కోడ్‌లో పన్ను శాతం ఎక్కడ పడితే అక్కడ అంకెగా రాసి ఉంది, బిల్లులో, రిటర్న్ బిల్లులో, రిపోర్టులో, ప్రింటు ఫార్మాట్‌లో కూడా. వెతికి వెతికి మార్చాం, ఒకచోట మర్చిపోయాం, కస్టమర్ ఆడిటర్ పట్టుకున్నాడు. ఆ తర్వాత పన్ను రేటు అనే నిర్ణయాన్ని ఒకే గదిలో పెట్టాం. సరుకు రకం, శాతం, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు అని నాలుగు గడుల టేబుల్. మిగతా కోడ్ అంతా "ఈ సరుకుకి ఈ తేదీన ఎంత?" అని అడగడమే, శాతం ఎవరికీ తెలియదు.

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 12, 28 శాతం శ్లాబులు తీసేసి చాలా సరుకుల్ని 5, 18 శాతాల్లోకి సర్దింది, అమలు 22 నుంచి. మధ్యలో ఉన్నవి పంతొమ్మిది రోజులు. మేం కోడ్ ముట్టుకోలేదు, టేబుల్లో పాత వరసలకి 21తో గీత గీసి, 22తో కొత్త వరసలు ఎక్కించాం. తేదీ గడి విలువ అసలు తెలిసింది ఆ తర్వాత వారంలో. 20న అమ్మిన సరుకు 25న వాపసు వస్తే దానికి క్రెడిట్ నోటు పాత శాతంతోనే వేయాలి. బిల్లు తేదీతో అడిగితే టేబుల్ పాత శాతమే ఇచ్చింది. తేదీ లేకుండా ఒక్క శాతమే దాచుకున్నవాళ్లు ఆ వారమంతా చేత్తో సరిచేసుకున్నారు.

ఈ గదులు కట్టుకున్నా టెస్టులు లేకపోతే ధైర్యం రాదు. ముందు అన్నిటికీ రాయాలని కూర్చోకండి, డబ్బు లెక్క ఉన్నచోట మొదలుపెట్టండి. మా దగ్గర నిజమైన పాత పట్టీలు రెండు వందలు ఉన్నాయి, రైతుల పేర్లు తీసేసి. ప్రతి మార్పు తర్వాతా ప్రోగ్రాము ఆ రెండు వందలూ మళ్లీ వేసి, నికరం పైసాతో సహా కలిసిందా అని చూస్తుంది. రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల వల్లే మా టీములో అందరికంటే చిన్నమ్మాయి, చేరిన రెండో నెలలోనే మినహాయింపుల కోడ్ ధైర్యంగా విప్పి తిరగరాసింది.

చేయాల్సింది: రెండో అడుగులో రాసిన పది మార్పుల కాగితం మళ్లీ తీయండి. ఏ మార్పుకి ఎన్ని ఫైళ్లు తెరవాల్సి వచ్చిందో చూడండి. మూడుకి మించి తెరిచినది ఏదైనా ఉంటే, అక్కడ దాక్కోవాల్సిన నిర్ణయం బయట తిరుగుతోంది. నెలకి ఒక్కదాన్ని గదిలో పెట్టినా చాలు.

7. "చిన్న మార్పు ఉంది బాబూ" అన్నప్పుడు

మన దగ్గర కస్టమర్లు మొత్తం పనికి ఒక రేటు మాట్లాడుకోవడానికే అలవాటు పడ్డారు. స్ప్రింటుకి ఇంత అంటే అనుమానంగా చూస్తారు, అందులో తప్పేమీ లేదు, డబ్బు వాళ్లది. మేం కుదుర్చుకున్న పద్ధతి ఇది: మొత్తం డబ్బు, మొత్తం రోజులు స్థిరం, పనుల జాబితా మాత్రం మారొచ్చు. కొత్త పని లోపలికి రావాలంటే అంతే బరువున్న, ఇంకా మొదలుపెట్టని పని ఒకటి బయటికి వెళ్లాలి. ఏది వెళ్లాలో తేల్చేది షావుకారు గారే, మేం కాదు. వ్యాపారం చేసేవాళ్లకి ఈ తూకం ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ఇంకో షరతు, ప్రతి రెండు వారాలకీ పనిచేసే ముక్క చేతికిస్తాం, నచ్చకపోతే అక్కడితో ఆపేసి అప్పటిదాకా అయిన డబ్బే ఇవ్వొచ్చు. ఈ షరతు పెట్టినప్పుడు నాకు నిద్ర పట్టలేదు, కానీ అది పెట్టాకే నమ్మకం కుదిరింది.

స్ప్రింటు మధ్యలో వచ్చిన మార్పుని ఫోన్లో ఒప్పుకోకండి. జాబితాలో రాయండి, వచ్చే ప్లానింగులో చూద్దామనండి. ఒక్క మినహాయింపు, రైతుకి వెళ్లే డబ్బు తప్పు పడుతుంటే అన్నీ ఆపి అదే చేయాలి.

8. మనుషుల మార్పుని తోయకండి, అడ్డు తీయండి

కర్ట్ లెవిన్ 1947లో మార్పుని మూడు దశలుగా చెప్పాడు: గడ్డకట్టిన అలవాటుని కరిగించడం, మార్చడం, కొత్త అలవాటుని మళ్లీ గట్టిపరచడం. అంతకంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఆయన చెప్పిన బలాల లెక్క. ఏ అలవాటు అయినా అక్కడ నిలబడి ఉందంటే ముందుకు తోసే బలాలు, వెనక్కి పట్టే బలాలు సమానంగా ఉన్నట్టు. మనం తోపు పెంచితే ఒత్తిడి పెరుగుతుంది, పట్టేది కూడా అంతే గట్టిగా పడుతుంది. వెనక్కి పట్టేదాన్ని సడలిస్తే ఒత్తిడి లేకుండా కదులుతుంది.

మేం తోసి దెబ్బతిన్నాం. రెండో కొట్లో గుమాస్తా గారు పగలంతా కాగితం చిట్టాలో రాసి, సాయంత్రం కంప్యూటర్లో ఎక్కించేవారు, అంటే రెండు పనులు. ఇంకోసారి ట్రైనింగ్ ఇచ్చాం, షావుకారు గారితో చెప్పించాం, కీబోర్డు షార్ట్‌కట్ల కాగితం అతికించాం. ఏమీ కదల్లేదు. ఒకరోజు మధ్యాహ్నం టీ తాగుతూ ఊరికే అడిగాను, "బాబాయ్, చిట్టాలో రాస్తే మీకు ఏం తేలిక?" అని. కాసేపు ఆగి చెప్పారు: "చిట్టాలో తప్పు పడితే రాత్రి లెక్క మూసేలోపు నేనే దిద్దుకుంటాను బాబూ. దీంట్లో కొట్టగానే షావుకారి ఫోన్లో కనపడుతోంది." అదీ పట్టేది. కంప్యూటర్ రాకపోవడం కాదు, వయసూ కాదు. ముప్పై ఏళ్లుగా తన తప్పు తను దిద్దుకునే గౌరవం ఆయనకి ఉంది, మేం తెలియకుండా అది లాగేశాం.

ఆ స్ప్రింటులో ఒక్కటే చేశాం. రోజు లెక్క మూసేదాకా ఆ రోజు ఎంట్రీలు చిత్తుగా ఉంటాయి, గుమాస్తా ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు. మూశాకే షావుకారి ఫోన్‌కి వెళ్తాయి, ఆ తర్వాత దిద్దితే ఎవరు ఎప్పుడు దిద్దారో నమోదవుతుంది. నాలుగో రోజుకి చిట్టా పుస్తకం బల్ల మీద నుంచి సొరుగులోకి వెళ్లింది.

చేయాల్సింది: వాడని ప్రతి మనిషికీ ఒక కాగితం తీసి, ఎడమవైపు తోసేవి, కుడివైపు పట్టేవి రాయండి. కుడివైపు గడి ఖాళీగా ఉంటే మీరు ఇంకా వాళ్లతో సరిగ్గా మాట్లాడలేదని అర్థం. "వాళ్లకి రాదు", "వాళ్లు వినరు" అన్నవి అక్కడ రాయకూడదు. జాన్ కాటర్ 1990ల్లో పెద్ద సంస్థల కోసం చెప్పిన ఎనిమిది మెట్ల పద్ధతి చిన్న కొట్టుకి బరువెక్కువ, అందులో ఒక్కటి తీసుకోండి: త్వరగా కనపడే చిన్న గెలుపు ముందు ఇవ్వడం. మేం ప్రతి కొట్లోనూ మొదట రాత్రి లెక్క మూసే పని తేలిక చేస్తాం, గుమాస్తా ఇంటికి అరగంట ముందు వెళ్తే మిగతా మార్పులు ఆయనే అడుగుతారు.

9. వెనక్కి చూసుకునేటప్పుడు ఒక్కటే పట్టుకోండి

స్ప్రింటు చివర రెట్రోస్పెక్టివ్‌లో పదిహేను ఫిర్యాదులు రాసి ఏదీ చేయకపోవడం అందరికీ తెలిసిందే. ఒక్కటి ఎంచుకోండి, అది వచ్చే స్ప్రింటు జాబితాలో మొదటి పనిగా, మనిషి పేరుతో ఉండాలి. అంతే.

10. కాలం చూసి మార్చండి

ఇది ఏ పేపర్లోనూ చదవలేదు, యార్డే నేర్పింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాయ ఉరకలెత్తుతుంది, ఆ రోజుల్లో వాడే స్క్రీను ముట్టుకోం. చిన్న ముక్కలు రాస్తూనే ఉంటాం, టెస్టులు నడుస్తూనే ఉంటాయి, కానీ అవి తాళం వెనకే ఉంటాయి, ఒక కొట్టుకి ఒక గుమాస్తా ఒప్పుకుంటే ఆ ఒక్కరికే తెరుస్తాం. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చాక కొట్లో ఫ్యాను కింద తీరిగ్గా కూర్చుని, కొత్తవన్నీ పోయిన సీజను పాత చీటీలతో ఆయన చేతే కొట్టిస్తాం. యార్డు తెరిచిన మొదటి రెండు వారాలు కాగితమూ, కంప్యూటరూ రెండూ నడుస్తాయి, రోజూ రాత్రి నికరం రెండింటిలో కలిపి చూస్తాం. పద్నాలుగు రాత్రుల్లో పది రాత్రులు వరసగా కలిస్తే కాగితం ఆపేయమని మేం చెప్పం, ఆపేయమంటారా అని గుమాస్తా గారిని అడుగుతాం.